నవలకు బదిలీ వస్తే: ‘డాక్టర్ జివాగో’ పుస్తకం నుంచి బుల్లితెర దాకా

మన ఇళ్లలో పిల్లలకు ‘బదిలీ’ అన్న మాటకు అర్థం చెప్పనక్కర్లేదు. ఒక సాయంత్రం నాన్నో అమ్మో ఆఫీసు నుంచి వచ్చి “ఆర్డరు వచ్చింది” అంటారు. ఆ రాత్రి నుంచే లెక్కలు మొదలవుతాయి. లారీలో పట్టేవి ఎన్ని? అమ్మేయాల్సినవి ఎన్ని? పక్క క్వార్టర్ వాళ్లకు ఇచ్చేయాల్సినవి ఎన్ని? బీరువా వస్తుంది సరే, తులసి కుండీ వస్తుందా? కొత్త ఊళ్లో గదులు ఎన్నో, ఎంత పెద్దవో తెలియదు. సామాన్లన్నీ దింపాక కూడా అది మన ఇల్లనిపించదు. ఏదో ఒక చిన్న వస్తువు, నాన్నమ్మ ఇచ్చిన ఇత్తడి చెంబో గోడ మీద పాత ఫొటోనో, దాని చోటులో అది కుదిరాక గానీ మనసు కుదుటపడదు.

ఒక గొప్ప నవలను టెలివిజన్ సీరియల్‌గా మార్చడం కూడా అలాంటి బదిలీయే అని మాకు ఈ సంవత్సరం తెలిసింది. నవల పెద్ద ఇల్లు. తెర చిన్న క్వార్టర్. అన్నీ పట్టవు. ఏం తీసుకెళ్లాలి, ఏం వదిలేయాలి, ఏది వదిలేస్తే అది ఇక ఆ నవలే కాకుండా పోతుంది? ఈ ప్రశ్నలకు జవాబు వెతకడానికి మేము ఎంచుకున్న పుస్తకం బోరిస్ పాస్తర్నాక్ రాసిన ‘డాక్టర్ జివాగో’. ప్రేమా విప్లవమూ రెండూ ఉన్న నవల అది. సినిమాగానూ, టెలివిజన్ సీరియల్‌గానూ వచ్చింది కనుక పోల్చి చూసుకోవడానికి వీలు కూడా ఉంది.

కథ ఏమిటి?

చదవని వాళ్ల కోసం ముందుగా కథ క్లుప్తంగా చెబుతాం. యూరీ జివాగో పదేళ్ల పిల్లవాడుగా ఉండగా తల్లి చనిపోతుంది. ఆమె అంత్యక్రియలతోనే నవల మొదలవుతుంది. మాస్కోలో గ్రొమేకో అనే కుటుంబం అతన్ని పెంచుతుంది. యూరీ పెద్దవాడై డాక్టరవుతాడు, కవిత్వమూ రాస్తాడు. తాను పెరిగిన ఇంటి అమ్మాయి తోన్యాను పెళ్లి చేసుకుంటాడు.

అదే నగరంలో లారా అనే అమ్మాయి ఉంది. ఆమె తల్లి కుట్టుపని దుకాణం నడుపుతుంది. కొమరోవ్‌స్కీ అనే పలుకుబడి గల లాయరు ఆ కుటుంబానికి అండగా ఉన్నట్టు నటిస్తూ, ఇంకా బడికి వెళ్తున్న లారా జీవితాన్ని పాడు చేస్తాడు. లారా రైల్వే కార్మికుడి కొడుకు పాషాను పెళ్లాడుతుంది. 1914లో యుద్ధం వస్తుంది. పాషా యుద్ధానికి వెళ్లి కనబడకుండా పోతాడు. అతన్ని వెతుక్కుంటూ నర్సుగా వెళ్లిన లారా, అక్కడ డాక్టరుగా పనిచేస్తున్న యూరీని కలుస్తుంది.

1917లో విప్లవం వస్తుంది. మాస్కోలో తిండి లేదు, చలిమంటకు కట్టెలు లేవు. యూరీ కుటుంబం గూడ్సు పెట్టెలో ఎక్కి చాలా దూరంలోని యురల్ ప్రాంతానికి, వరీకినో అనే చోటుకు వెళ్తుంది. అక్కడికి దగ్గరి పట్నంలోనే లారా ఉంటోంది. తర్వాత అంతర్యుద్ధం మనుషులందర్నీ తలో దిక్కుకు విసిరేస్తుంది. యూరీని అడవిలో ఉండే గెరిల్లా దళం డాక్టరు అవసరమని ఎత్తుకుపోతుంది. తోన్యా పిల్లలతో దేశం విడిచి వెళ్లాల్సి వస్తుంది. పాషా ‘స్ట్రెల్నికోవ్’ అనే కొత్త పేరుతో, విప్లవ సైన్యంలో అందరూ భయపడే నాయకుడవుతాడు. లారా చివరికి ఎక్కడికి పోయిందో ఎవరికీ స్పష్టంగా తెలియదు. యూరీ 1929లో మాస్కోలో, ట్రామ్ ప్రయాణంలో గుండె ఆగి చనిపోతాడు.

ఇంకో విషయం. రష్యన్ భాషలో ‘జివ్’ అంటే ప్రాణంతో ఉన్నది అని అర్థం. జివాగో అన్న పేరు ఆ మాట నుంచి వచ్చిందే. మన ‘జీవం’, ఆ ‘జివ్’ ఎంతో వెనక్కి వెళ్తే ఒకే మూలం నుంచి పుట్టిన మాటలు. కనుక ఈ కథానాయకుడి పేరు తెలుగు చెవికి మరీ పరాయిది కాదు.

పుస్తకమే ఒక ప్రయాణం చేసింది

తెర మీదికి వెళ్లడానికి ముందే ఈ పుస్తకం పెద్ద ప్రయాణం చేసింది. పాస్తర్నాక్ 1890లో మాస్కోలో పుట్టారు. తండ్రి చిత్రకారుడు, తల్లి పియానో విద్వాంసురాలు. ఆయన మొదట కవిగా ప్రసిద్ధుడు. షేక్‌స్పియర్ నాటకాలను రష్యన్‌లోకి అనువదించారు. ఎన్నో ఏళ్లు కష్టపడి రాసిన ఈ నవలను ‘నోవీ మీర్’ అనే పత్రికకు ఇచ్చారు. 1956లో వాళ్లు వెనక్కి పంపేశారు. విప్లవాన్ని ఈ నవల సరైన దృష్టితో చూడలేదని వాళ్ల అభ్యంతరం.

కానీ అప్పటికే ఒక ప్రతి ఇటలీకి చేరింది. మిలాన్ నగరంలోని ప్రచురణకర్త ఫెల్త్రినెల్లి ఎన్ని ఒత్తిళ్లు వచ్చినా వినకుండా 1957 నవంబరులో దాన్ని ఇటాలియన్ భాషలో అచ్చు వేశారు. అంటే రష్యన్‌లో రాసిన నవల మొదట ఇటలీ పాఠకుల చేతికి వెళ్లిందన్న మాట. 1958 అక్టోబరులో పాస్తర్నాక్‌కు నోబెల్ బహుమతి ప్రకటించారు. సంతోషంగా ఒప్పుకున్న ఆయనే కొద్ది రోజుల్లో వద్దని తంతి పంపాల్సి వచ్చింది. రచయితల సంఘం ఆయన్ని బయటికి నెట్టింది. దేశం నుంచే పంపేయాలని కేకలు లేచాయి. ప్రపంచంలో ఆయన పక్షాన మాట్లాడిన వారిలో మన ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ఒకరు. పాస్తర్నాక్ దేశం విడిచి వెళ్లలేదు. 1960లో అక్కడే కన్నుమూశారు. ఒకప్పుడు వెనక్కి పంపిన ఆ ‘నోవీ మీర్’ పత్రికే 1988లో ఈ నవలను అచ్చు వేసింది. 1989లో ఆయన కుమారుడు నోబెల్ పతకాన్ని అందుకున్నారు.

ఇది మా తాతల తరానికి కూడా సంబంధించిన సంగతే. వాళ్ల ఇళ్లలో మాస్కో నుంచి తెలుగులో అచ్చయి వచ్చిన పుస్తకాలు ఉండేవి. మంచి కాగితం, చక్కని బొమ్మలు, చవక ధర. టాల్‌స్టాయ్, గోర్కీ, చేహోవ్ అలాగే మన ఊళ్లకు వచ్చారు. కానీ సొంత దేశంలోనే అచ్చుకు నోచుకోని ‘జివాగో’ ఆ పెట్టెల్లో రావడానికి వీల్లేదు. ఒక నవలకు ప్రభుత్వం భయపడటం మనకు కూడా కొత్త కాదు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారి ‘మాలపల్లి’ని ఆనాటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అలాంటి చరిత్ర ఉన్న పుస్తకాన్ని తెరకు ఎక్కించేవాళ్ల మీద మామూలు కన్నా ఎక్కువ బాధ్యత ఉంటుంది. ఒక మనిషి తన పేరునూ ప్రశాంతతనూ పణంగా పెట్టి నిలబెట్టుకున్న మాటలవి. వాటిని మన సౌకర్యం కోసం మార్చేస్తామా?

మూడు బదిలీలు, మూడు లారీలు

వీటిలో మొదటి బదిలీ 1965లో జరిగింది. బ్రిటిష్ దర్శకుడు డేవిడ్ లీన్ తీసిన సినిమా అది. యూరీగా ఈజిప్టు నటుడు ఒమర్ షరీఫ్, లారాగా జూలీ క్రిస్టీ నటించారు. స్క్రీన్‌ప్లే రాబర్ట్ బోల్ట్ రాశారు. పుస్తకానికే చోటు లేని దేశంలో సినిమా తీయడం కుదరదు కనుక ఎక్కువ భాగం స్పెయిన్‌లో తీశారు. మాడ్రిడ్ దగ్గర మాస్కో వీధులను కట్టారు. మంచు గడ్డకట్టిన ఇంటి లోపలి దృశ్యంలో ఆ మంచు చాలావరకు మైనమే. నిడివి మూడు గంటల పైచిలుకు. అయిదు ఆస్కార్ బహుమతులు వచ్చాయి. వాటిలో ఒకటి మోరిస్ జార్ సంగీతానికి.

రెండో బదిలీ 2002లో బ్రిటన్ టెలివిజన్‌కు జరిగింది. దర్శకుడు ఇటలీకి చెందిన జాకొమో కాంపియోత్తి. స్క్రీన్‌ప్లే ఆండ్రూ డేవిస్ రాశారు. నవలలను టీవీకి మలచడంలో ఆయనది అందెవేసిన చెయ్యి. 1995లో ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ను ఆరు భాగాల సీరియల్‌గా రాసిందీ, తర్వాత ‘వార్ అండ్ పీస్’ను రాసిందీ ఆయనే. యూరీగా హాన్స్ మాథెసన్, లారాగా కీరా నైట్లీ, కొమరోవ్‌స్కీగా సామ్ నీల్ నటించారు.

మూడో బదిలీ 2006లో, రష్యాలోనే, రష్యన్ భాషలోనే జరిగింది. అలెగ్జాండర్ ప్రోష్కిన్ దర్శకత్వంలో 11 భాగాల సీరియల్‌గా వచ్చింది. ఒలేగ్ మెన్షికోవ్ యూరీగా, చుల్పాన్ ఖమాతోవా లారాగా నటించారు. ఒకప్పుడు అచ్చుకే నోచుకోని కథ, అదే దేశంలో ఇళ్లలోని టీవీ పెట్టెల్లోకి వచ్చింది.

మూడు గంటల సినిమా, చిన్న సీరియల్, 11 భాగాల సీరియల్. లారీ పెద్దదైతే ఎక్కువ సామాను పడుతుందని అనుకుంటాం. నిజమే. కానీ పెద్ద లారీకి కూడా తన ఇబ్బందులు ఉన్నాయి. టీవీ చూసేవాళ్లు హాల్లో చీకట్లో కూర్చోరు. మధ్యలో కుక్కరు కూత పెడుతుంది, ఎవరో తలుపు తడతారు. వారం తర్వాత మళ్లీ చూసేటప్పుడు పాత్రలు గుర్తుండాలి. అందుకని ప్రతి భాగానికీ సొంతంగా ఒక మొదలూ ఒక ముగింపూ ఉండాలి. నవలలో అధ్యాయం ఎక్కడైనా మెల్లగా ఆగవచ్చు. సీరియల్లో భాగం ఆగే చోట ‘తర్వాత ఏమవుతుందో’ అన్న ఆత్రం మిగలాలి.

ఏది తేలిక, ఏది కష్టం?

మేము మొదట విప్లవాన్ని చూపించడమే కష్టమనుకున్నాం. వందల మంది జనం, గుర్రాలు, తుపాకులు, జెండాలు కావాలి కదా! కానీ ఆలోచించిన కొద్దీ అది డబ్బుతో తీరే కష్టమని అర్థమైంది. అసలు కష్టాలు వేరే ఉన్నాయి. అవి నాలుగు.

మొదటిది, లోపలి మాట. యూరీ కవి. అతను బయటికి చేసే పనులు తక్కువ. చూస్తాడు, ఆలోచిస్తాడు, రాత్రిపూట రాస్తాడు. పుస్తకం అతని మనసులోకి సూటిగా వెళ్లగలదు. కెమెరా ముఖం దగ్గర ఆగిపోతుంది. నవలలో మొత్తం 17 భాగాలున్నాయి. చివరి భాగమంతా యూరీ రాసిన 25 కవితలే. కథ అయిపోయాక ఆ కవితలు చదివితే, కథలో మనం చూసిన మంచు, దీపం, విడిపోవడం అన్నీ ఇంకో రూపంలో తిరిగి వస్తాయి. దీన్ని తెర మీద ఎలా చూపిస్తారు? ఒక మనిషి బల్ల దగ్గర కూర్చుని కలం కదుపుతుంటే ఎంతసేపు చూస్తాం? లీన్ సినిమాలో ఆ పనిని ఎక్కువగా సంగీతమూ, మంచు కరిగాక విచ్చుకునే పసుపు పూల తోటలూ చేశాయి. అది ఒక పరిష్కారం. కానీ సంగీతం విన్నవాళ్లకు యూరీ ప్రేమ తెలుస్తుంది గానీ, అతను ఎలాంటి కవో తెలియదు.

రెండోది, ఎవరి కళ్లతో చూడాలన్నది. నవలలో 1905 నాటి కార్మికుల ఊరేగింపు మీద గుర్రపు దళం విరుచుకుపడే ఘట్టం ఉంది. పుస్తకంలో అది యూరీ కళ్లతో నడవదు. కార్మిక కుటుంబాల మనుషుల మధ్య నడుస్తుంది. సినిమాలో యూరీ తన ఇంటి బాల్కనీ నుంచి చూస్తాడు. కత్తుల దెబ్బల కన్నా ఎక్కువగా అతని ముఖమే మనకు కనిపిస్తుంది. దీని వల్ల లాభం ఉంది. కథానాయకుడి మనసు ఎటు మొగ్గుతుందో ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. నష్టమూ ఉంది. దెబ్బలు తిన్నవాళ్లు మనకు పేరు లేని జనంగా మిగిలిపోతారు. పుస్తకంలో వాళ్లకు పేర్లున్నాయి, ఇళ్లున్నాయి, తల్లులున్నారు.

మూడోది, కాకతాళీయం. ఈ నవలలో మనుషులు అనుకోకుండా మళ్లీ మళ్లీ ఎదురవుతారు. ఇంత పెద్ద దేశంలో ఇదెలా సాధ్యమని విమర్శకులు అడిగారు. పుస్తకంలో ఏళ్లు గడుస్తాయి, పేజీలు గడుస్తాయి, కనుక మనం నమ్ముతాం. తెర మీద రెండు గంటల్లో నాలుగుసార్లు కలిస్తే నవ్వొస్తుంది. కాబట్టి స్క్రీన్‌ప్లే రాసేవాళ్లు కొన్ని కలయికలను తీసేయాలి, కొన్నింటికి కారణం కల్పించాలి.

నాలుగోది, కథకు అక్కరలేనిది కానీ నవలకు కావలసింది. దీనికి మాకు బాగా నచ్చిన ఉదాహరణ రైలు ప్రయాణం. మాస్కో నుంచి యురల్‌కు వెళ్తుండగా పట్టాల మీద మంచు పేరుకుపోయి రైలు ఆగిపోతుంది. ప్రయాణికులంతా దిగి పారలు పట్టుకుని మూడు రోజులు మంచు తవ్వుతారు. యూరీ కుటుంబానికి ప్రయాణం మొత్తంలో ఆ మూడు రోజులే హాయిగా గడుస్తాయి. ఎండ, తెల్లటి మంచు, ఒళ్లు అలిసే పని, ఆకలి వేశాక తిండి. ఈ ఘట్టం తీసేస్తే కథలో ఒక్క ముడి కూడా ఊడదు. అందుకే ఇలాంటివి ముందుగా పోతాయి. కానీ మనలో ఎంతమందికి ఇలాంటి జ్ఞాపకం లేదు? బదిలీ మీద వెళ్తూ ఏదో చిన్న స్టేషనులో రైలు గంటల తరబడి ఆగిపోతే, ప్లాట్‌ఫారం మీద తిన్న పులిహోర రుచి, కొత్త ఊరి కన్నా ఎక్కువ గుర్తుంటుంది. కష్టకాలంలో కూడా మనుషులు సంతోషంగా ఉండగలరని చెప్పే ఘట్టం అది. అది లేకపోతే విప్లవకాలం అంటే ఏడుపు తప్ప ఇంకేమీ లేదనిపిస్తుంది.

ట్రామ్ దగ్గర ఒక తేడా

పుస్తకానికీ సినిమాకూ ఉన్న ఒక్క తేడా తీసుకుని చూస్తే మొత్తం విషయం తెలుస్తుంది. అది యూరీ మరణం.

లీన్ సినిమాలో యూరీ ట్రామ్‌లో వెళ్తూ వీధిలో లారా లాంటి స్త్రీని చూస్తాడు. తోసుకుంటూ దిగుతాడు. పిలవాలనుకుంటాడు, గొంతు రాదు. గుండె పట్టుకుని పడిపోతాడు. ఆమె వెనక్కి చూడకుండా వెళ్లిపోతుంది. చూస్తున్న మన కళ్లు చెమ్మగిల్లుతాయి.

పుస్తకంలో అలా లేదు. ట్రామ్ మాటిమాటికీ ఆగిపోతుంటుంది. కిటికీలోంచి యూరీ చూస్తుంటే, పక్కన నడిచి వెళ్తున్న ఒక ముసలావిడ ఒకసారి ట్రామ్‌ను దాటుతుంది, ఒకసారి వెనకబడుతుంది. వేర్వేరు వేగాలతో సాగే జీవితాల గురించి, ఎవరు ఎవరిని దాటి ముందుకు పోతారో అన్న దాని గురించి అతను ఆలోచిస్తాడు. ఊపిరాడక దిగుతాడు, పడిపోతాడు. ఆ ముసలావిడ ఒకప్పుడు యుద్ధకాలంలో అతనికి తెలిసిన మనిషే. అతను గుర్తుపట్టలేదు, ఆమే గుర్తుపట్టలేదు. అతన్ని దాటి, అతని కన్నా ఎక్కువ కాలం బతకడానికి, ఆమె నడిచి వెళ్లిపోతుంది.

రెండింట్లో ఏది మంచిది? ఈ ప్రశ్న మీద మేము ఒక గంట సేపు వాదించుకున్నాం. సినిమా ముగింపు ప్రేమకథకు ముగింపు. పుస్తకం ముగింపు జీవితానికి ముగింపు. జీవితంలో మనం చివరిసారిగా చూడాలనుకున్న మనిషి ఆ సమయానికి వీధిలో నడుస్తూ రారు. సినిమా దాన్ని ఓదార్పుగా మార్చింది. పుస్తకం ఓదార్చదు, నిజం చెప్పి ఊరుకుంటుంది. మాలో సగం మంది సినిమా వైపు, సగం మంది పుస్తకం వైపు ఉండిపోయారు. తీర్పు మీకే వదిలేస్తున్నాం.

కిటికీలో దీపం: మేము చేసిన ప్రయత్నం

చర్చలతో ఆగకుండా ఒక ఘట్టాన్ని మేమే స్క్రీన్‌ప్లేగా రాసి చూడాలనుకున్నాం. ఎంచుకున్నది క్రిస్మస్ రాత్రి ఘట్టం.

మంచు కురిసిన రాత్రి. యూరీ, తోన్యా బండిలో విందుకు వెళ్తుంటారు. దారిలో ఒక ఇంటి కిటికీ అద్దం మీద గడ్డకట్టిన మంచు, లోపలి దీపం వేడికి ఒక చోట గుండ్రంగా కరిగి ఉంటుంది. ఆ సందులోంచి వెలుగు వీధిలోకి చూస్తున్నట్టుంటుంది. యూరీ మనసులో ఒక కవిత మొదటి మాటలు కదులుతాయి. అతనికి తెలియని సంగతి ఏమిటంటే, ఆ గదిలో లారా, పాషా కూర్చుని తమ భవిష్యత్తు గురించి మాట్లాడుకుంటున్నారు. ఎన్నో ఏళ్ల తర్వాత యూరీ చివరి రోజుల్లో అద్దెకుండేది ఆ గదిలోనే. అతని శవపేటిక ఉంచేదీ అక్కడే. లారా అనుకోకుండా వచ్చి అతన్ని చివరిసారి చూసేదీ అక్కడే.

మా మొదటి ప్రతిలో యూరీ చేత “ఆహా! ఆ దీపం ఎంత అందంగా ఉంది తోన్యా!” అనిపించాం. పక్కనే పాషా చేత విప్లవం గురించి అరపేజీ ఉపన్యాసం చెప్పించాం. మా తెలుగు మేడమ్ చదివి నవ్వి, “కరెంటు పోయిన రాత్రి ఎదురింట్లో దీపం చూసి మీలో ఎవరైనా ఇలా అన్నారా?” అని అడిగారు. ఎవరూ అనలేదు. ఊరికే చూశాం, అంతే.

రెండో ప్రతిలో మాటలన్నీ కొట్టేశాం. ముందు గది లోపల దీపం వెలిగించడం. తర్వాత అద్దం మీద మంచు మెల్లగా కరగడం. ఆ సందులోంచి బయట ఒక బండి వెళ్లడం. తర్వాత కెమెరా బండిలోకి వచ్చి యూరీ ముఖం చూపడం. అతని పెదవులు కదులుతాయి, ఏమంటున్నాడో వినబడదు. అంతే. అరపేజీ కూడా కాలేదు. కానీ లోపలి మనుషులకు బయటివాళ్లు తెలియదు, బయటివాళ్లకు లోపలి మనుషులు తెలియదు, ఆ రెండూ చూస్తున్నది మనం మాత్రమే. పుస్తకం ఇచ్చిన అనుభవానికి అది కాస్త దగ్గరగా వచ్చిందనిపించింది. పేజీలో ఉన్న మాటను పాత్ర నోట పెట్టడం వేరు, ఆ మాట చేసిన పనిని బొమ్మ చేత చేయించడం వేరు. మేము నేర్చుకున్న మొదటి పాఠం అదే.

రెండో పాఠం తోన్యా వల్ల వచ్చింది. నిడివి తగ్గించడానికి మాలో కొందరు ఆ బండిలోంచి తోన్యాను తీసేద్దామన్నారు. ఆమె ఆ ఘట్టంలో ఏమీ చేయదు కదా అని వాదన. మాలో ఒక అమ్మాయి గట్టిగా అడ్డుపడింది. “తోన్యా పక్కన లేకపోతే యూరీ తర్వాత చేసే పనికి ఖరీదు ఉండదు. ఎవరినీ నొప్పించని ప్రేమగా చూపిస్తే అది అబద్ధం” అంది. ఆ మాటకు ఎవరి దగ్గరా జవాబు లేదు. తోన్యా బండిలోనే ఉండిపోయింది.

మూడో పాఠం ఇంకా ముఖ్యమైనది. కొమరోవ్‌స్కీ లారా పట్ల చేసింది ప్రేమ కాదు, చిన్నపిల్ల నిస్సహాయతను వాడుకోవడం. తెర మీద అందమైన దుస్తులు, మంచి వెలుతురు, వెనక సంగీతం చేరితే అది కూడా ప్రేమలా కనిపించే ప్రమాదం ఉంది. అదే ప్రమాదం విప్లవానికీ ఉంది. జెండాలు, గుర్రాలు, కేకలు తెర మీద ఎప్పుడూ బాగుంటాయి. ఆకలితో ఉన్నవాళ్ల కోపం ఎందుకు న్యాయమైనదో చూపాలి. ఆ కోపం తర్వాత అమాయకుల ఇళ్లను ఎలా కాల్చిందో కూడా చూపాలి. పాషాను చూడండి. అన్యాయాన్ని సహించలేని మంచి కుర్రవాడు. అతనే స్ట్రెల్నికోవ్‌గా మారి ఎవరినీ క్షమించని మనిషవుతాడు. అతన్ని వీరుడిగా మాత్రమే చూపినా, దుర్మార్గుడిగా మాత్రమే చూపినా పాస్తర్నాక్ రాసింది పోతుంది. ‘నోవీ మీర్’ సంపాదకులకు నచ్చనిదీ, పాస్తర్నాక్ వదులుకోనిదీ ఇదే: చరిత్ర ఎంత పెద్దదైనా, దాని కింద నలిగిన ఒక్క మనిషి ప్రాణం చిన్నది కాదన్న మాట.

మన దగ్గర కూడా ఇలాంటి ప్రయత్నాలు జరిగాయి. భీష్మ్ సాహ్నీ హిందీ నవల ‘తమస్’ను గోవింద్ నిహలానీ 1988లో దూరదర్శన్ కోసం తీశారు. దేశ విభజన నాటి గాయాలను అంత దగ్గరగా చూపించడం తేలిక కాదు. పెద్దవాళ్లను అడగండి, ఆ రోజుల్లో ఇంట్లో టీవీ ముందు ఎంత నిశ్శబ్దంగా కూర్చున్నారో చెబుతారు.

ఏం తీసుకెళ్లాలి?

మళ్లీ మన లారీ దగ్గరికి వద్దాం. ‘డాక్టర్ జివాగో’ను తెరకు మార్చేవాళ్లు పాత్రలను తగ్గించవచ్చు, ఊళ్లను కలపవచ్చు, స్పెయిన్‌లో మాస్కోను కట్టవచ్చు, మైనంతో మంచు చేయవచ్చు. అవన్నీ బీరువాలు, మంచాల లాంటివి. కొత్త ఊళ్లో వేరేవి కొనుక్కోవచ్చు. కానీ కిటికీలో దీపం, బండిలో తోన్యా, మంచు తవ్విన మూడు రోజులు, పాషాలోని రెండు ముఖాలు అలాంటివి కావు. అవి ఇత్తడి చెంబు లాంటివి. లారీలో చోటు లేకపోతే ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాలి.

మీరు ఇప్పుడున్న ఊళ్లో తెలుగు మాట్లాడేవాళ్లు పదిమంది ఉన్నా, మీ ఇంట్లోవాళ్లు తప్ప ఒక్కరూ లేకపోయినా, ఈ పని మీరూ చేయవచ్చు. మీకు నచ్చిన నవలలోంచి, లేదా కథలోంచి, ఒక్క ఘట్టం తీసుకోండి. మీ స్కూలు లైబ్రరీలో ఉన్నదైనా, సెలవుల్లో అమ్మమ్మగారి ఊరి నుంచి తెచ్చుకున్నదైనా సరే. ముందు దాన్ని రెండుసార్లు చదవండి. తర్వాత ఒక కాగితం మీద రెండు పట్టీలు రాయండి: తీసుకెళ్లేవి, వదిలేసేవి. వదిలేసే ప్రతిదాని పక్కనా అది పోతే ఏం నష్టమో ఒక్క వాక్యంలో రాయండి. ఆ వాక్యం రాయలేకపోతే ధైర్యంగా వదిలేయండి. రాస్తుంటే చెయ్యి ఆగిపోయిందంటే, దాన్ని మళ్లీ పెట్టెలో పెట్టేయండి.

మేము ఈ వ్యాసం పూర్తి చేసే లోపే మా జట్టులో ఒకరి నాన్నగారికి బదిలీ ఆర్డరు వచ్చింది. మా అరపేజీ స్క్రీన్‌ప్లే ప్రతిని ఆ నేస్తం పుస్తకాల పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టుకుని వెళ్లాడు.